అమ్మకు మొక్కు, సానికి చాటు

కర్నూలు, కడప జిల్లాల్లో పెండ్లి పత్రికలు తిరగేసేవారికి పెమ్మసాని, గంగసాని, కామసాని వంటి ఇంటిపేర్లు కొత్తవి కావు. పసుపు పూసిన పత్రిక మీద వధూవరుల పేర్లకు ముందు అవి వంశగౌరవంతో అచ్చయి ఉంటాయి. చదివినవారు ముఖం చిట్లించరు, ఆ ఇంటిపేరు గలవారు తల దించుకోరు. అదే మాటలోని చివరి రెండక్షరాలను విడదీసి ఒక ఆడమనిషిని పట్టుకుని అంటే మాత్రం ఊళ్ళో కట్టెలు లేస్తాయి, సంగతి పంచాయితీ దాకా పోతుంది. వంశానికి అలంకారమైన మాట మనిషికి తిట్టు ఎట్లా అయిందన్నది చిన్న ప్రశ్నే గాని, ఒకసారి మనసులో పడితే వదిలేది కాదు. ఆ పత్రికలోనే ఇంకొంచెం కిందికి పోతే జేజి, అవ్వ, పెద్దమ్మ, మేనత్త పేర్లు వరుసగా ఉంటాయి: ఓబుళమ్మ, మద్దిలేటమ్మ, సుంకులమ్మ, నాగమ్మ. అహోబిలం నరసింహుడి పేరైనా, మద్దిలేటి స్వామి పేరైనా ఆడబిడ్డకు పెట్టేటప్పుడు చివర అమ్మ చేరి తీరాలి. ఒకప్పుడు అక్కడ సాని కూడా చేరేది. ఇప్పుడు చేరదు. ఈ రెండు ప్రత్యయాలూ, అంటే పేరు చివర అతికే ఈ రెండు మాటలూ, పెత్తనం గల ఆడవాళ్ళ కోసం పుట్టినవే అయినా ఒకటి గుడిలో దేవత స్థానానికి ఎక్కింది, మరొకటి నలుగురిలో పలకరానిదైంది.

సాని అన్నది సంస్కృతంలోని స్వామిని నుంచి వచ్చిన తద్భవమని, అంటే సంస్కృత పదం తెలుగు నోట నలిగి మారిన రూపమని భాషావేత్తలు చెబుతారు. స్వామిని అంటే యజమానురాలు, సొంతదారు. ఈ అర్థం నిఘంటువులో మిగిలిపోయినది కాదు, ఒకనాటి బతుకులో నడిచినదే. కాకతీయుల తొలినాళ్ళ చరిత్రకు ముఖ్యమైన ఆధారాల్లో 12వ శతాబ్ది నాటి గూడూరు శాసనం ఒకటి. శాసనమంటే రాతి మీద చెక్కించిన ప్రకటన. విరియాల ఎర్రన భార్య కామసాని చాళుక్య చక్రవర్తి దగ్గరికి పోయి, కాకతి వంశానికి చెందిన బేతరాజుకు అనుమకొండను ఇప్పించి నిలబెట్టిందని ఆ రాయి చెబుతుంది. తరువాతి కాలంలో ఓరుగల్లు నుంచి తెలుగు నేలనంతా ఏలిన ఒక రాజవంశం తొలి అడుగులోనే తడబడి పడిపోకుండా ఒక సాని పట్టుకుంది. చక్రవర్తి సభలో ఆమె ఏ మాటలతో వాదించిందో రాయి చెప్పదు. తన పేరు చివరి సానిని చూసి అక్కడ ఎవరూ నవ్వలేదన్నది మాత్రం నిశ్చయం. సామంతుల ఇండ్లలో, రెడ్ల ఇండ్లలో ఆ కాలపు ఆడవాళ్ళ పేర్లకు సాని సహజంగా అతికేది. రెడ్డిసాని అంటే రెడ్డి ఇంటి యజమానురాలే తప్ప మరొకటి కాదు.

కడప జిల్లాలోని గండికోటను తలచుకుంటే ఈ సంగతి మరింత దగ్గరికి వస్తుంది. పెన్నేరు ఎర్రటి కొండలను చీల్చుకుని పారే ఆ లోయ అంచున, విజయనగర రాజుల తరఫున ఆ దుర్గాన్ని తరాల తరబడి కాపాడినవారు పెమ్మసాని నాయకులు. 17వ శతాబ్ది నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకునేదాకా ఆ పేరు ఆ సీమలో కత్తికీ కయ్యానికీ మారుపేరు. మీసం మీద నిమ్మకాయ నిలిపే యోధులు తమ ఇంటిపేరు చివర సానిని మోస్తూ యుద్ధాలు చేశారు. ఆ ఇంటిపేరు వెనుక పెమ్మసాని అనే ఒక మూలపుటమ్మ ఉండి ఉండవచ్చునని ఊహించడానికి మాట ఒక్కటే ఆధారం. మాట ఒక్కదాన్నే నమ్ముకుని వంశవృక్షం గీయడం న్యాయం కాదు. అయితే అంత పరాక్రమం గలవారు ఆ మాటను దాచుకోవలసిన అవసరం చూడలేదన్నది చాలు.

మరి జారడం ఎక్కడ మొదలైంది? కోస్తా దేవాలయాల శాసనాల్లో సాని మున్నూరు అన్న మాట కనిపిస్తుంది. గుడిలో దేవుడి ముందు ఆడి పాడి సేవ చేసే స్త్రీల సముదాయానికి అది పేరు. మున్నూరు అంటే మూడు వందలు, లెక్క కచ్చితంగా అంతేనని కాక ఒక సంఘమన్న అర్థంలో. వారు గుడి ధర్మాలకు సాక్షులు, కొన్నిచోట్ల వాటిని కాపాడే పూచీ పడ్డవారు. అఖండదీపానికి ఆవులను ఇచ్చినవారిలో, నైవేద్యానికి సొమ్ము కట్టినవారిలో వారి పేర్లు విడిగా, తమ సొంత దానాలుగా చెక్కి ఉన్నాయి. మధ్యయుగ ఆంధ్రదేశంపై 2001లో పెద్ద గ్రంథం వెలువరించిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ వంటివారు ఈ దానశాసనాలను గుట్టలు గుట్టలుగా చదివి, ఆనాటి గుడి సానులను నేటి మాటలోని నీచార్థంతో కొలవరాదని గట్టిగా సూచించారు. దానం చేయాలంటే ముందు సొంతం కావాలి. గుడి సాని దగ్గర సొంతమైనది ఉంది, దాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చుకునే చెయ్యి ఉంది. చాలాచోట్ల ఆ చేతికి కట్టుబాటు వేసే మగడి ఊసు లేదు. బహుశా లోకానికి కంటగింపైనది ఆటా పాటా కాక ఈ చివరి సంగతేనేమో.

ఇక్కడ తెలుగు భాష చేసిన ఒక పక్షపాతం స్పష్టంగా కనిపిస్తుంది. స్వామి, స్వామిని ఒకే కాన్పు బిడ్డలు. స్వామి పెరిగి దేవుడైనాడు, పీఠాధిపతి అయినాడు, కార్తికమాసంలో నల్లబట్టలు కట్టి మాల వేసుకున్న ప్రతి మగపిల్లవాడికీ నలభై ఒక్క రోజుల పిలుపైనాడు. స్వామిని సాని అయి, సానికొంప అయింది. మగవాడి సొంతదారుతనం దైవత్వం వైపు నడిస్తే ఆడదాని సొంతదారుతనం అంగడి వైపు నడిచింది. ఈ పోలిక మరీ సులువుగా కుదిరిందేమో, అనుమానించవలసిందే. ఎందుకంటే సాని అన్నిచోట్లా పడిపోలేదు. దొరసాని మిగిలింది, మంత్రసాని మిగిలింది.

దొరసాని మిగలడంలోనూ కిటుకు ఉంది. కుంఫిణీ పాలనలో దొర తెల్లవాడైనప్పుడు దొరసాని అతని భార్య అయింది. ఆమె అధికారం మొగుడి టోపీ నీడలో నిలిచిన అధికారం. ఆ తరువాత మాట ఇంకో మెట్టు దిగింది. సీమ ఇండ్లలో పొద్దెక్కినా పొయ్యి దగ్గరికి రాని కూతురిని తల్లి కసిరే మాటే చూడవచ్చు: ‘దొరసాని మాదిరి కూచుంటే కసువెవురు ఊడుస్తారే?’ తిట్టులో సగం ముద్దు, సగం ఎత్తిపొడుపు. పని చెప్పడం తప్ప చేయడం తెలియని ఆడమనిషి నవ్వులాటకే తప్ప నిజానికి ఉండరాదన్న తీర్పు ఆ ఎత్తిపొడుపులో ఇమిడి ఉంది.

మంత్రసాని సంగతి వేరు. కాన్పు చేసే ఈ స్త్రీ చాలా ఊళ్ళలో మంగలి ఇంటిదో, మాదిగ ఇంటిదో అయి ఉండేది. మామూలు రోజుల్లో పెద్దింటి వాకిలి దగ్గరే నిలబడి గంజి పోయించుకునే మనిషి, నొప్పులు మొదలైన రాత్రి నేరుగా లోపలి గదికి నడిచేది. నులకమంచం ఎటు తిప్పాలో, నీళ్ళు ఎంత కాగాలో, పాత చీర ఏది చించాలో ఆమె చెబితే అత్తగారు చేయవలసిందే. ఇంటి మగవాళ్ళంతా, ఊరి రెడ్డి అయినా సరే, అరుగు మీద నోరు మూసుకుని కూచోవలసిందే. బొడ్డు కోసి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి, బాలింతకు నడుం కట్టి బయటికి వచ్చేదాకా ఆ ఇల్లు ఆమెది. తెల్లవారి చేటలో జొన్నలు, ఒక రవికగుడ్డ, ఆకూవక్కా పుచ్చుకున్న తరువాత మళ్ళీ వాకిలి వెలుపలే ఆమె స్థానం. సాని అన్న మాటకు అసలు అర్థమైన యజమానత్వం ఆమె దగ్గర ఒక రాత్రికి పరిమితమై బతికింది. సర్కారు ఆసుపత్రులూ, 2005లో మొదలైన 108 వాహనాలూ ఆ రాత్రిని కూడా తీసుకున్నాయి; తల్లీబిడ్డలు చావకుండా మిగిలిన కొద్దీ మంత్రసాని అక్కరలేకుండా పోయింది. ఇది విచారించవలసిన మార్పు కాదు. అయినా మాటకు ఉన్న చివరి మర్యాదస్థలాల్లో ఒకటి అట్లా మూతపడింది.

అమ్మ నడిచిన దారి ఇందుకు పూర్తిగా ఎదురు. రాయలసీమ పల్లెల్లో సుంకులమ్మ, పెద్దమ్మ, మారెమ్మ, చౌడమ్మ, గంగమ్మ లేని పొలిమేర ఉండదు. చాలాచోట్ల గుడి కూడా ఉండదు. వేపచెట్టు మొదట్లో మూడు రాళ్ళు, వాటి మీద తరాల పసుపుకుంకుమలు పెచ్చులు కట్టి ఉంటాయి, పక్కన విరిగిన గాజులు, నల్లబడిన టెంకాయ చిప్పలు, ఎండి రాలిన వేపమండలు. ఆ అమ్మకు ఏండ్లకొకసారి చేసే జాతరను సీమలో దేవర అంటారు. దేవర అంటే ప్రభువు. ఆడదేవతకు చేసే పండుగకు ప్రభువు పేరు పెట్టడంలో ఊరివారికి ఏ విడ్డూరమూ తోచదు, ఎందుకంటే ఆ రోజున దున్నపోతు తల పడేది, పొలి చల్లేది, ఎవరు ముందు నడవాలో ఎవరు వెనుక నడవాలో తేలేది ఆమె పేరునే. లక్కిరెడ్డిపల్లె మండలంలోని అనంతపురం గంగమ్మ జాతరకు శివరాత్రి వెళ్ళగానే జనం బండ్లు కట్టుకుని పోయేవారు, ఇప్పుడు ఆటోల్లో పోతారు. మశూచి వచ్చినా అమ్మవారు పోసిందనే అన్నారు. చంపేదీ అమ్మే, చల్లబరిచేదీ అమ్మే. ఇంత భయంకరమైన అధికారానికి భాష ఇంత మెత్తని పేరు ఎందుకు పెట్టింది? భయపడ్డవాడు చుట్టరికం కలుపుకుంటాడన్నది ఒక జవాబు. అమ్మా అని పిలిచినవాడు బిడ్డ అవుతాడు, బిడ్డను చంపడానికి తల్లికి చేతులు రావు.

చుట్టరికం కలిపే ఈ గుణం దేవుని కడపలో మరో ముచ్చటగా పండింది. తిరుమలకు తొలి గడపగా పేరుపడ్డ అక్కడి లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ఉగాదినాడు ముస్లింలు వచ్చి టెంకాయలు కొడతారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ గనుక స్వామి తమకు అల్లుడని వారి నమ్మకం. ఆ పేరును కొంచెం నిదానంగా పలికి చూస్తే బీబీ అన్నది పారశీకం మీదుగా వచ్చిన దొరసాని, నాంచారి అన్నది తమిళ నాచ్చియార్ నుంచి వచ్చిన ఏలిక స్త్రీ, చివరిది మన అమ్మ. రెండు భాషల్లోని ఏలికసానులు ఒక్క పేరులో కూడినా వారిని ఇంటిలో కలుపుకోవడానికి తెలుగువారికి అమ్మ కావలసివచ్చింది.

బనగానపల్లె గరిమిరెడ్డి అచ్చమ్మ కథలో ఇదే మరో తీరుగా కనిపిస్తుంది. ఇల్లూ గొడ్డూగోదా గల యజమానురాలు ఆమె. పోతులూరి వీరబ్రహ్మం ఆమె ఆవులను కాచిన జీతగాడు. రవ్వలకొండలో అతడు కాలజ్ఞానం రాస్తున్నాడని తెలిసి యజమానురాలు జీతగాడి కాళ్ళకు మొక్కి శిష్యురాలైందని జనం చెప్పుకుంటారు. కథ చెప్పేవారి ఊపు అంతా ఆ మొక్కిన ఘట్టం మీదే. అన్ని ఆవులను ఆమె ఎట్లా కూడబెట్టింది, కూలీలతో ఎట్లా మాట్లాడేది, కొలుచు ఎట్లా అమ్మేది అన్నవి ఎవరూ అడగరు. ఆమె సానిగా ఉన్న భాగం వదిలిపోయి, అమ్మగా వంగిన భాగం గుడిగా నిలిచింది.

రుద్రమదేవి ఈ రెండింటినీ పక్కన పెట్టి రుద్రదేవ మహారాజు అన్న మగపేరును శాసనాల్లోకి ఎక్కించుకుంది. కామసాని నిలబెట్టిన వంశంలోనే, కొన్ని తరాల తరువాత సింహాసనమెక్కిన స్త్రీకి సాని చాలలేదు, అమ్మ అక్కరకు రాలేదు. కడప దగ్గరి వల్లూరు నుంచి ఏలుతూ ఆమె మీద తిరగబడిన కాయస్థ అంబదేవుడికి ఆ మగపేరు అడ్డు కాలేదు; ఆమె మరణవార్త మోసిన చందుపట్ల శాసనం 1289 నాటిది. ఆ సంగతి మరొక పెద్ద వ్యాసానికి తగినది, ఇక్కడ తలచుకుని సాగిపోవడమే మేలు.

సొంతదారుతనానికి చెల్లించవలసివచ్చిన వెల ఎంతో చూడాలంటే ఆదోని, ఆలూరు వైపు పోవాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యేదాకా ఈ తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. కొడుకులు లేని ఇంట కూతురిని దేవుడికి విడిచి బసివిని చేసే ఆచారం ఇక్కడ ఉండేది. బసివి పెండ్లాడదు, పుట్టింట్లోనే ఉంటుంది, కొడుకు మాదిరి ఆస్తి అందుకుంటుంది, తండ్రికి తలకొరివి పెడుతుంది, ఆమె బిడ్డలకు తల్లి ఇంటిపేరే ఇంటిపేరు. దేవుడికి ఇచ్చినందువల్ల మగవాడి హక్కులు పొందిన స్త్రీలని 19వ శతాబ్ది చివర ఫాసెట్ అనే ఇంగ్లీషు అధికారి వీరిని గురించి వ్యాసమే రాశాడు. హక్కులు కాగితం మీద అందంగానే ఉన్నాయి. బీద ఇండ్ల, ఎక్కువగా దళితుల ఇండ్ల ఆడపిల్లలు ఆ హక్కుల కింద ఊరి మోతుబరుల పాలబడ్డారన్నది దాని రెండో ముఖం. ఎకరా అర మెట్టచేను కోసం ఒక బతుకును తాకట్టు పెట్టడాన్ని యజమానత్వమని పిలవడం కష్టం. 1947లో మద్రాసు ప్రభుత్వం, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇటువంటి అంకితాలను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. వాటిని తప్పుపట్టడానికి లేదు. కాని ఆచారాన్ని తుడిచినప్పుడు బసివికి ఉన్న కొడుకు వాటా కూడా కలిసి తుడిచిపెట్టుకుపోయిందని, ఆ చట్టాలతో అది మామూలు కూతుళ్ళకు బదిలీ కాలేదని గుర్తించడం తప్పు కాదు.

మద్రాసులో ఆ చట్టం మీద వాదోపవాదాలు నడిచినప్పుడు రెండు పక్షాలా స్త్రీలే ఉన్నారు. బిల్లు తెచ్చిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి స్వయంగా దేవదాసి కూతురు. ఎదురు నిలిచినవారిలో దేవదాసి వంశపు గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఒకరు. తంజావూరు కొలువులోని ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనమును ఆమె 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. వేశ్య రాసిన పచ్చి కావ్యమని పెద్దలు ముందే ముద్ర వేసి ఉన్నారు. ఆ నిషేధం 1947లో తొలగింది, అదే ఏడాది దేవదాసీ చట్టమూ వచ్చింది. సాని పుస్తకానికి విడుదల, సానితనానికి ముగింపు ఒకే ఏట పడ్డాయి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి నాగరత్నమ్మ తన సొమ్ముతో గుడి కట్టించింది. కూడబెట్టిన ఆస్తిని తనకు తోచిన ధర్మానికి ఇచ్చే పాత సానుల అలవాటు ఆమెలో చెక్కుచెదరలేదు. లోకం మాత్రం ఆమెను త్యాగయ్య భక్తురాలిగానే తలచుకోవడానికి ఇష్టపడుతుంది.

ఈనాటి కొలువుల్లో డాక్టరమ్మ, నర్సమ్మ, టీచరమ్మ, కలెక్టరమ్మ అందరూ అమ్మలే. ఎదురుగా లేని స్త్రీని గురించి మాట్లాడినా సీమలో ఆయమ్మ అనే అంటారు. తెలుగులో ఆడవారికి దొరికే అతి సహజమైన మన్ననల్లో అది ఒకటి. ఈ పిలుపులో మర్యాద ఉంది, ప్రేమ కూడా ఉంది, దాన్ని శంకించడం కృతఘ్నత అనిపించవచ్చు. అయినా శంక పోదు. 1993లో అమలుకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో అది సగానికి పెరిగింది. ఊరూరా సర్పంచమ్మలు వచ్చారు. కొన్ని ఊళ్ళలో ఆయమ్మ నిజంగానే కుర్చీలో కూచుని బోరుబావి ఎక్కడ వేయాలో చెబుతుంది. మరెన్నో ఊళ్ళలో సంతకం ఆయమ్మది, తీర్మానం ఆయమ్మ మొగుడిది. అధికారులు కూడా ఫోను అతనికే చేస్తారు. సర్పంచమ్మ అని నోరారా పిలవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, సర్పంచితనం ఇవ్వడానికే చేతులు రావు.

ఆస్తి దగ్గరికి వచ్చేసరికి పరీక్ష ఇంకా గట్టిది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్లు, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన పుట్టుక హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి అటువంటి మార్పు రావడానికి 2005 దాకా పట్టింది. అయితే 1985 నాటికే పెండ్లయిన కూతుళ్ళకు ఆ రాష్ట్ర సవరణ వర్తించలేదు. వర్తించినవారికి మరో దారి ఉంది, దాని పేరు హక్కు విడుదల దస్తావేజు: ఫలానా పొలంలో నా వాటాను నా అన్నదమ్ములకు వదులుకుంటున్నానని ఆడబిడ్డ రాసి ఇచ్చే కాగితం. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో రాతగాడు దాన్ని చదివి వినిపిస్తాడు, ఆమె వేలిముద్ర వేస్తుంది లేదా సంతకం చేస్తుంది, అన్న హోటలుకు తీసుకుపోయి భోజనం పెట్టిస్తాడు, వచ్చే పండుగకు చీర పెడతానంటాడు. పసుపుకుంకుమల కింద పెండ్లినాడే ఏదో ఇచ్చాం కదా అన్న మాట ఎవరో ఒకరు అంటారు. ఆ సాయంత్రం ఊళ్ళో ఆయమ్మకు మంచి పేరు వస్తుంది. సంతకం చేయనన్న చెల్లెలికి ఏ పేరు వస్తుందో ఆ ఊరి ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. ఆ జాబితాలో సాని ఎప్పుడూ ఉండకపోవచ్చు గాని, అమ్మ మాత్రం ఉండదు.